మసక పట్టని చోటు

తడి గ్లాసు నిజం చెప్పదు. గాజును కొరికి మసక పట్టించే మందు పూసి, కుళాయి కింద కడిగేసి పైకెత్తి చూస్తే, ఏ పనీ జరగనట్టు, కొన్నరోజు ఎలా ఉందో అలాగే నిగనిగలాడుతుంది. తువ్వాలు మీద బోర్లించి పది నిమిషాలు ఓపిక పట్టాలి. అప్పుడు అంచుల దగ్గర మొదలై, ఆరేకొద్దీ కిందికి పాకుతూ, గ్లాసంతా తెల్లటి మసక పడుతుంది. ఆ పది నిమిషాలూ ఇన్‌స్పెక్టరమ్మ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. ఈ రెండు వారాలుగా మరీను.

ఇన్‌స్పెక్టరమ్మ అంటే ఏ ఆఫీసులోనో ఇన్‌స్పెక్టరు అనుకునేరు. పాలు పొయ్యి మీద పెట్టేముందు వాసన చూస్తుంది. కూరగాయలు తూచేటప్పుడు ముల్లు వంక కాక, తూచేవాడి చిటికెనవేలి వంక చూస్తుంది. ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి, రెండంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి మూడోసారి లాగుతుంది. పెళ్ళయిన నెలకే మొగుడు పెట్టిన పేరది. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదిలెయ్యాలో తెలిసినవాడు, పెళ్ళాం విషయంలో వదిలెయ్యడమే మేలనుకున్నాడు.

ఆ మంగళవారం తువ్వాలు మీద పన్నెండు గ్లాసులు ఆరుతున్నాయి. కొవ్వొత్తి పోసే గ్లాసులు. ఒక్కోదానికీ నడుము మీద ఆకు ఆకారం స్టిక్కరు అంటించి, చుట్టూ బ్రష్‌తో మందు దట్టంగా పూసి, పావుగంట ఉంచి, గీకి, కడిగింది. ఆరాక స్టిక్కరు పీకితే, మసక మధ్యలో ఆకు మాత్రం తేటగా మిగులుతుంది. లోపల వత్తి వెలిగిస్తే ఆ ఆకులోంచి వెలుగు బయటికి తొంగిచూస్తుంది. బజార్లో కానుకల షాపావిడకి ఆ ఆకు తెగ నచ్చింది. సోమవారానికి అరవై కావాలంది.

నాలుగో గ్లాసు చూసేసరికి ఇన్‌స్పెక్టరమ్మ ఒళ్ళు మండిపోయింది. ఆకు పక్కనే, బొటనవేలంత చోట, మసక పట్టలేదు. అందులో సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు, వంపు తిరిగి ఒకదాని పక్కన ఒకటి. ఏడో గ్లాసూ అంతే. పదకొండోదీ అంతే. జిడ్డు ఉన్నచోట మందు గాజును కొరకదు. స్పిరిట్‌తో తుడిచి పెట్టిన గ్లాసును ఎవరో జిడ్డు చేత్తో పట్టుకున్నారు. ఆ గీతలకి అడ్డంగా, ఏటవాలుగా ఒక గీర కూడా ఉంది. మూడింటి మీదా అదే గీర. అట్టపెట్టె పిన్ను రాసుకుని ఉంటుందని గ్లాసులు అమ్మినవాణ్ణి కూడా నాలుగు తిట్టుకుంది.

చేతి తొడుగులు విప్పి, కిటికీ గట్టు మీది ట్యూబు తీసి అరచేతుల నిండా రాసుకుంది. కడిగి కడిగి చేతులు బీటలు తీస్తున్నాయని మందుల షాపతను రెండు వారాల కిందట ఇచ్చిన మందు అది. చల్లగా, హాయిగా ఉంటుంది. తర్వాత రేపటి కోసం తుడిచిపెట్టిన పన్నెండు గ్లాసుల దగ్గరికెళ్ళి, ఒక్కోదాన్నీ ఎత్తి వెలుగుకేసి పట్టి, తిప్పి తిప్పి చూసింది. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. మరి రేపటికి పాడయ్యేది ఎలా? ఎవరు పాడుచేస్తే?

ఇంట్లో ఉన్నది ముగ్గురు. మొగుడు పొద్దున్న వెళ్తే సాయంత్రం గాని రాడు. ఇక మిగిలింది వదిన.

వదిన, అంటే మొగుడి అక్క, నెల కిందట ఒక సంచీతో వచ్చింది. పద్దెనిమిదేళ్ళు పెద్ద హోటల్లో గిన్నెలు తోమే పని చేసి, ఒంట్లో బాగాలేక మానేశానంది. చూస్తే జలుబు కూడా ఉన్నట్టు లేదు. మాట తక్కువ. ఒక స్టూలు వేసుకుని, బల్ల చివర కూచుని, అడక్కపోయినా స్టిక్కర్లు కత్తిరిస్తుంది, వత్తులకి రేకుబిళ్ళలు గుచ్చుతుంది. స్నానం కాగానే తలకి నూనె రాస్తుంది. నూనె చేతులు ఎవరివో ఇంక వేరే చెప్పాలా?

పైగా ఆవిడ దగ్గర ఏదో దాపరికం ఉంది. మొన్న తమ్ముడు ఆవిడ ఫోను తీసుకుని, "అక్కా, వేలు పెడితే తెరుచుకునేలా పెట్టిస్తా, నంబర్లు గుర్తుపెట్టుకునే బాధుండదు, ఏదీ నీ వేలు" అంటే, చెయ్యి చటుక్కున కొంగులోకి లాగేసుకుంది. "నాకెందుకురా అవన్నీ" అంది. వేలు పెట్టడానికి అంత కంగారేమిటి? ఇన్‌స్పెక్టరమ్మ ఆ రోజే మనసులో రాసిపెట్టుకుంది.

సాయంత్రం మొగుడు చొక్కా విప్పకముందే మూడు గ్లాసులూ తెచ్చి ముందు పెట్టింది.

"చూశారా?"

"ఏముంది ఇందులో?"

"ముద్రలు. వేలి ముద్రలు."

"ఎవరివి?"

"ఎవరివంటే ఏం చెప్పను? మీరు పగలు ఇంట్లో ఉండరు. నావైతే నాకు తెలీదా?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అక్క అలాంటిది కాదే."

"నేను మాత్రం అలాంటిదీ ఇలాంటిదీ అన్నానా? మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి గ్లాసుల దగ్గర నుంచుని ఉంటుంది. నన్ను చూడగానే పక్కకి తప్పుకుంటుంది. ఎందుకో మీరే చెప్పండి."

"సాయం చేద్దామనేమో."

"చెయ్యమని అడిగానా? సోమవారానికి అరవై ఇవ్వాలి. ఇవ్వకపోతే షాపావిడ ఇంకోళ్ళని చూసుకుంటుంది. ఏడాదిగా ఆవిడ చుట్టూ తిరిగింది నేను. మీ అక్కో నేనో, ఎవరో ఒకరే ఈ బల్ల దగ్గర ఉండాలి."

ఆయన సాక్సులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దోపాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళకి ధైర్యం చెప్పగలడు గాని, ఇద్దరాడవాళ్ళ మధ్య ఇరుక్కుంటే ఏ మీట నొక్కాలో ఆయనకెప్పుడూ తెలీలేదు. చివరికి, "ఆదివారం పిన్ని వాళ్ళింట్లో దింపుతాలే, కొన్నాళ్ళు" అన్నాడు. ఆ పిన్ని ఇంట్లో అప్పటికే ఆరుగురు రెండు గదుల్లో సర్దుకుంటున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

బుధవారం ఇన్‌స్పెక్టరమ్మ కాపలా మొదలుపెట్టింది. మధ్యాహ్నం సంచీ భుజానికి తగిలించుకుని, "వదినా, మైనం తెచ్చుకోవాలి, గంట పడుతుంది" అని చెప్పి బయల్దేరింది. మెట్ల మలుపులో కాసేపు నుంచుంది. కింది వాటా ఆవిడ చెత్తబుట్ట పట్టుకుని వచ్చి, "ఏమ్మా, ఇక్కడ నుంచున్నావు?" అంటే, కాల్లో ముల్లు గుచ్చుకుందని చెప్పి, లేని ముల్లు కోసం చెప్పు తిప్పి తిప్పి వెతికింది. పావుగంట అయ్యాక చెప్పులు చేత్తో పట్టుకుని పైకెక్కి, తాళం చప్పుడు కాకుండా తిప్పింది.

బల్ల వేసి, అద్దాల కిటికీ పెట్టించుకున్న వెనక బాల్కనీలో వదిన గ్లాసుల ముందు నుంచుని ఉంది. చేతిలో గుడ్డముక్క. ఒక గ్లాసు ఎత్తి, కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి చూస్తోంది.

"ఏం చేస్తున్నారు వదినా?"

వదిన ఉలిక్కిపడింది. గ్లాసు జారబోయి ఆగింది. "అబ్బే, ఏం లేదు. దుమ్ము పడిందేమోనని."

"ఇంతలోనే దుమ్మెక్కడిది? నిన్ననేగా తుడిచాను."

"అవును, తుడిచావు" అంది వదిన. గుడ్డ నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, స్టూలు మీద కూచుని కత్తెర తీసుకుంది.

నంగనాచి, అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. ఎదురుగా దొరికిపోయినా ముఖంలో ఒక్క గీత కదల్లేదు చూడు! ఆవేశంతో తుడిచిన గ్లాసులన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, నాలుగు వైపులా తిప్పి చూసింది. ఆ రోజు మందు పూసిన పన్నెండింటిలో అయిదు పాడయ్యాయి. కాపలా పెంచేకొద్దీ నష్టం పెరుగుతోంది. వదిన పంతం పట్టిందని దానికి ఆవిడ చెప్పుకున్న అర్థం.

గురువారం పొద్దున్న షాపావిడ ఫోన్ చేసింది. కిందటి వారం ఇచ్చినవాటిలో రెండు వెనక్కి వచ్చాయట. "కొన్నావిడ ఏమందో తెలుసా? ఎవరో వాడి పడేసిన గ్లాసులా ఉందట, వేలిముద్రతో సహా. నాకు తల కొట్టేసినట్టయింది."

"తెలుసండి. మా ఇంట్లో ఒకరి చెయ్యి పడుతోంది. ఆదివారం నుంచి ఆ చెయ్యి ఉండదు. మీకెందుకు, అరవై మచ్చ లేకుండా ఇస్తాను."

అని ఫోను పెట్టి తిరిగేసరికి వదిన గుమ్మంలో ఉంది. చేతిలో రెండు కాఫీ గ్లాసులు. ఎంతసేపటి నుంచి ఉందో! ఒక గ్లాసు బల్ల మీద పెట్టి, రెండోది పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ గ్లాసు దగ్గరికి లాక్కుంది. వినాలనే వచ్చి ఉంటుందిలే అనుకుని కాఫీ తాగింది.

ఆ సాయంత్రం తమ్ముడు అక్క పక్కన కూచుని, గోడ వంక చూస్తూ విషయం చెప్పాడు. పిన్నికి ఈమధ్య మోకాళ్ళు బాగాలేవనీ, తోడుగా ఎవరైనా ఉంటే బావుంటుందనీ మొదలుపెట్టి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. వదిన అంతా విని, "ఆదివారమేగా? అరవై అయిపోతే బావుండేది" అంది. ఎందుకని అడగలేదు. ఏడవలేదు. రెండు చీరలు మడతపెట్టి సంచీలో పెట్టి, ఆ సంచీ తెచ్చి బల్ల చివర తను కూచునే స్టూలు మీద ఉంచింది. ఇన్‌స్పెక్టరమ్మకి అది కూడా గిట్టలేదు. తప్పు చెయ్యని మనిషయితే ఒక్కమాటైనా ఎదురు చెప్పదా?

ఒప్పుకోకుండా వెళ్ళిపోతే రేపు మొగుడు ఏమంటాడు? అన్యాయంగా అక్కని పంపించావంటాడు. జన్మంతా ఆ మాట పడాలి. రుజువు కావాలి. ఆవిడ వేలూ ఈ ముద్రా పక్కపక్కన పెట్టి చూపించాలి.

శుక్రవారం పొద్దున్న వదిన తలకి నూనె రాసుకుని, జడ అల్లుకుని బయటికొచ్చేదాకా కనిపెట్టుకుని కూచుంది. అప్పటికే తొడుగులు వేసుకుని, మందు సీసా మూత తీసి, బ్రష్ పట్టుకుని సిద్ధంగా ఉంది. స్టిక్కరు లేని గ్లాసు ఒకటి స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, దూరంగా కిటికీ గట్టు మీద పెట్టింది.

"వదినా, నా చేతులు ఖాళీ లేవు. ఆ గ్లాసు ఇటందిస్తారా?"

వదిన వచ్చింది. గ్లాసు తీసుకోబోయి ఆగి, పక్కనున్న గుడ్డముక్క కోసం చెయ్యి చాపింది.

గుడ్డ! ఇన్‌స్పెక్టరమ్మకి లోపల ఏదో గెలిచినట్టయింది. జాడ పడకూడదని ఎంత జాగ్రత్తో!

"గుడ్డెందుకు వదినా? చేత్తోనే ఇవ్వండి."

వదిన చెయ్యి గుడ్డ మీద అలాగే ఆగింది. తలెత్తి మరదలి వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎప్పుడో తెలిసిన దారే మళ్ళీ ఎదురైనట్టు చూసింది. గుడ్డ వదిలేసింది. గ్లాసును నిండు చేత్తో పట్టుకుని, బొటనవేలు నడుము మీద ఆనించి, గట్టిగా నొక్కి, తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చాలా?" అంది.

"ఆఁ" అంది ఇన్‌స్పెక్టరమ్మ, ఆ ప్రశ్నకి అర్థమేమిటో ఆలోచించకుండానే.

మందు దట్టంగా పూసింది. గడియారం చూసుకుంటూ పావుగంట కూచుంది. ప్లాస్టిక్ చెంచాతో మందు గీకి సీసాలో వేసి, కుళాయి తిప్పి, చల్లటి నీటిధార కింద గ్లాసును తిప్పి తిప్పి కడిగింది. తువ్వాలు మీద బోర్లించి, తొడుగులు విప్పి, పాడైన ఎనిమిది గ్లాసులూ తెచ్చి పక్కనే వరసగా పేర్చింది. ఇక ఆరడమే తరువాయి. మొగుడితో ఏమనాలో మాటలు కూడా కూర్చుకుంది.

మసక అంచుల దగ్గర మొదలైంది. కిందికి పాకింది. నడుము దగ్గర, బొటనవేలంత చోట, ఆగిపోయింది. ఆగిన చోట అంతా తేటగా ఉంది.

కానీ గీతలు లేవు.

వంగి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. తేటగా ఒక మచ్చ, అంతే. నున్నగా, నీటిచుక్క ఆరినట్టు. ఒక్క వంపు లేదు, ఒక్క చార లేదు. పక్కనున్న ఎనిమిదింటిలోనూ మాత్రం దువ్విన గీతలు, వాటి మీద ఏటవాలుగా ఒక గీర. ఎనిమిదింటికీ సరిగ్గా అదే చోట, సరిగ్గా అదే వాలు. పెట్టె పిన్ను అయితే ప్రతి గ్లాసునీ ఒకే కొలతతో గీరుతుందా?

అప్పుడు తన చెయ్యి చూసుకుంది. అరచెయ్యి మెరుస్తోంది. పొద్దున్న రాసుకున్న ట్యూబు మందు తొడుగుల్లో కూడా ఆరలేదు. బొటనవేలి మీద, నెల కిందట స్టిక్కరు కోస్తుంటే బ్లేడు తగిలి తెగిన చోటు, మానిపోయి సన్నటి గీరలా ఉంది. మెల్లిగా ఆ వేలు తీసుకెళ్ళి కిటికీ అద్దానికి ఆనించి, తీసింది.

దువ్విన గీతలు. వాటికి అడ్డంగా, ఏటవాలుగా, గీర.

తుడిచిన గ్లాసులన్నీ ఎత్తి ఎత్తి చూసింది తనే. అనుమానం వచ్చినప్పుడల్లా మళ్ళీ చూసింది. నిన్న రెండుసార్లు, మొన్న మూడుసార్లు. ప్రతిసారీ చేతులకి ఆ ట్యూబు మందు రాసుకుని మరీ.

"కనపడిందా?"

వదిన గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందని ఈసారి ఇన్‌స్పెక్టరమ్మ అనుకోలేదు.

"మీకు ముందే తెలుసా వదినా?"

"ఆ వేలికి కట్టు కట్టింది నేనే కదమ్మా. ఆ గీర నాకు తెలీదా?"

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నీ ఇంట్లో తింటూ నీ చెయ్యే జిడ్డు అని చెప్పనా?" వదిన లోపలికొచ్చి, మడతపెట్టిన గుడ్డముక్క తీసి విప్పింది. "నువ్వు చూసి అటు వెళ్ళగానే మళ్ళీ తుడిచేదాన్ని. దొరికినన్ని తుడిచాను. మొన్న నువ్వు ముందే వచ్చేశావు. అందుకే అయిదు పోయాయి."

ఇన్‌స్పెక్టరమ్మ, వదిన అందించిన గ్లాసు మళ్ళీ తీసుకుంది. చేతిలో ఉన్న గ్లాసు వంక చూసి, చివరికి అడగాల్సింది అడిగింది.

"ఇందులో గీతలు లేవేంటి వదినా?"

వదిన రెండు చేతులూ చాపింది. నెల రోజులుగా ఒకే ఇంట్లో ఉంటూ ఇన్‌స్పెక్టరమ్మ ఆ చేతుల్ని చూడలేదు. వేళ్ళ చివర్లు నున్నగా, పాలిష్ పెట్టినట్టు మెరుస్తున్నాయి.

"సోడా, ఇనప పీచు. పద్దెనిమిదేళ్ళు. అరిగిపోయాయి. నాకూ తెలీలేదు, అక్కడ హాజరుకి యంత్రం పెట్టేదాకా. వేలు పెడితే ఎర్ర లైటు. తుడుచుకుని పెట్టాను, ఎర్ర లైటు. పదివేళ్ళూ పెట్టాను. ఇది నువ్వు కాదు అంటుంది. నా పేరు మీద ఇంకెవరో వచ్చి చేస్తున్నారేమోనని మేనేజరుకి అనుమానం. 'యంత్రం అబద్ధం చెబుతుందా?' అన్నాడు. రెండు నెలలు రోజూ వెళ్ళి గిన్నెలు తోమితే, ఒక్కరోజు కూడా రాలేదని రాసుకున్నారు. ఇంక రావద్దన్నారు."

"మీ తమ్ముడితో ఒంట్లో బాగాలేదన్నారు కదా."

"ఏమని చెప్పుకోను వాడితో?" వదిన ఆ ఎనిమిది గ్లాసుల వంక చూసి నవ్వింది. "అక్కడ నా వేలు నాది కాదన్నారు. ఇక్కడ నీ వేలు నాదన్నావు."

అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉన్నా బావుండేదనిపించింది ఇన్‌స్పెక్టరమ్మకి. సిగ్గుతో తల నేలకి వాలిపోయింది. క్షమించమనాలని ఉంది. ఆ మాట ఎంత చిన్నదో కూడా తెలుస్తోంది. "వదినా" అని మాత్రం అంది. వదిన ఆ పిలుపు కోసం ఆగలేదు, పొయ్యి మీద పప్పు ఉందని వెళ్ళిపోయింది.

సాయంత్రం మొగుడు రాగానే, వదిన ఎదురుగానే, గ్లాసులు తెచ్చి ముందు పెట్టింది. మంగళవారం పెట్టినట్టే.

"ముద్రలు ఎవరివో తెలిసింది."

ఆయన భయంభయంగా అక్క వంక చూశాడు.

"అటు కాదు, ఇటు చూడండి" అని ఇన్‌స్పెక్టరమ్మ తన బొటనవేలు గ్లాసు మీది ముద్ర పక్కన పెట్టింది. "నావి. మొదటి నుంచీ నావే. షాపావిడకి ఫోన్ చేసి చెప్పాను. మీ అక్కని అన్న మాటలన్నీ తప్పు."

ఆయన వేలు చూశాడు, గ్లాసు చూశాడు. ఆయన జీవితంలో మొదటిసారి పెళ్ళాం మీద జోకు తట్టలేదు. "మరి... ఆదివారం?" అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో ఆయనకే తెలీకుండా.

"వదిన ఇష్టం" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఉండమని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ఉండండి వదినా."

వదిన తమ్ముడి పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ, "ముందు తినండి" అంది.

శనివారం పొద్దున్న ఇన్‌స్పెక్టరమ్మ బల్ల దగ్గరికి వచ్చేసరికి సంచీ స్టూలు మీదే ఉంది. ఇంకా ఇరవై ఆరు గ్లాసులు మిగిలాయి. సబ్బునీళ్ళలో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, గుడ్డ మీద వరసగా బోర్లించింది. ఆఖరి గ్లాసు పెట్టాక చెయ్యి దానంతటదే పైకి లేచింది, ఒక్కటైనా ఎత్తి వెలుగుకి పట్టి చూద్దామని. మధ్యలో ఆగింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకి ఆనించుకుంది. సంచీ వంక చూసింది. ఒకసారి అడిగింది, మళ్ళీ అడిగే ధైర్యం లేదు.

వదిన వచ్చింది. గ్లాసుల వరస చూసింది, మరదల్ని చూసింది. స్టూలు మీది సంచీ తీసుకెళ్ళి గదిలో మంచం కిందికి తోసి వచ్చి, స్టూలు ముందుకు లాక్కుని కూచుంది. దూదికి స్పిరిట్ అద్దింది.

"చేతులు చూపించు" అంది.

ఇన్‌స్పెక్టరమ్మ రెండు చేతులూ చాపింది. వదిన వాటిని వెలుగుకేసి తిప్పి, ముందూ వెనకా చూసి, పెదవి విరిచింది. ఒక్కో వేలూ పట్టుకుని, గోటి చివరదాకా, నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టింది. బీటల్లోకి స్పిరిట్ దిగి చురుక్కుమంది.

"మంటగా ఉందా?"

"ఉంది వదినా."

"ఉంటుంది మరి" అని వదిన రెండో చెయ్యి అందుకుంది.